క్వేకర్ల పెన్సిల్వేనియా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వేసవి రాగానే ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. లిబర్టీ బెల్ చూపిస్తాం. సిటీ హాల్ మీద టోపీ పెట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని చూపిస్తాం. "ఎవరమ్మా ఆయన?" అని అడుగుతారు. "విలియం పెన్. ఈ రాష్ట్రానికి ఆయన పేరే పెట్టారు" అని చెప్పి ముందుకు కదులుతాం. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను, కానీ అందులో సగమే నిజం. ఆ తర్వాత ఈ కాలనీ కథ చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు. మా ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు క్వేకర్లంటే ఎవరు?

17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. మొదలుపెట్టింది జార్జ్ ఫాక్స్ అనే నేతపనివాడి కొడుకు. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుందని, దాన్ని అందుకోవడానికి మధ్యలో పూజారి అక్కర్లేదని ఆయన చెప్పాడు. వాళ్లు తమను తాము "ఫ్రెండ్స్" అనే పిలుచుకున్నారు. 1650లో డార్బీ ఊళ్లో ఫాక్స్‌ను జడ్జి ముందు నిలబెట్టారు. దేవుడి మాట విని వణకమని ఆయన ఆ జడ్జికే చెప్పాడట. దాంతో జడ్జి "ఓహో, వణికేవాళ్లా మీరు" అన్నట్టు ఎగతాళిగా "క్వేకర్" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

వాళ్ల ప్రార్థన సమావేశంలో పాటలు, ప్రసంగాలు, విగ్రహాలు ఏవీ ఉండవు. అందరూ బెంచీల మీద మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు, లేకపోతే గంటసేపు నిశ్శబ్దమే. ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడవచ్చు, బోధించవచ్చు. ఆ కాలానికి అది చాలా పెద్ద విషయం.

రాజుని కూడా "నువ్వు" అనేవాళ్లట, నిజమేనా?

నిజమే. ఇది తెలుగువాళ్లకు చటుక్కున అర్థమవుతుంది, ఇప్పటి ఇంగ్లీషు వాళ్లకే విడమరిచి చెప్పాలి. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే అప్పటి ఇంగ్లీషులో "దౌ", "యు" ఉండేవి. చిన్నవాళ్లను, పనివాళ్లను "దౌ" అనేవారు, దొరలను "యు" అనేవారు. దేవుడి ముందు అందరూ ఒకటే అయినప్పుడు ఒకరికి మీరు, ఇంకొకరికి నువ్వు ఎందుకని క్వేకర్లు అందరినీ "దౌ" అనే పిలిచారు. మన దగ్గర ఒక పాలేరు జమీందారు ఎదుట నిలబడి "నువ్వు చెప్పు" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా ఎవరి ముందూ టోపీ తీసేవాళ్లు కాదు. కోర్టులో ప్రమాణం చెయ్యమంటే, ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రమాణం దేనికని చెయ్యననేవాళ్లు. ఈ చిన్న చిన్న విషయాలకే వేలమంది జైళ్లకు వెళ్లారు.

వారాల పేర్లు, నెలల పేర్లు పాత దేవతలవి కాబట్టి అవీ పలికేవాళ్లు కాదు. ఆదివారాన్ని మొదటి రోజు అనేవారు, నెలలకూ అంకెలే.

ఇంగ్లండ్ వదిలి పోవాల్సినంత కష్టం ఏమొచ్చింది?

1662లో క్వేకర్ల మీదే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. 1664లో ఇంకొకటి వచ్చింది. ప్రభుత్వ చర్చి బయట కొందరు కలిసి ప్రార్థన చేసుకుంటే నేరం. సముద్రం దాటి బోస్టన్ వెళ్లినవాళ్ల గతి ఇంకా ఘోరం. 1659 నుంచి 1661 మధ్య అక్కడ నలుగురు క్వేకర్లను ఉరి తీశారు. వాళ్లలో మేరీ డయ్యర్ అనే ఆవిడ ఒకరు.

విలియం పెన్ కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. నౌకాదళ అడ్మిరల్ కొడుకు. ఆక్స్‌ఫర్డ్ నుంచి గెంటేశారు. 1667లో ఐర్లండ్‌లో ఒక క్వేకర్ బోధకుడి మాటలు విని అందులో కలిసిపోయాడు. తండ్రికి తల కొట్టేసినట్టయింది. 1670లో లండన్‌లో క్వేకర్ల సమావేశ మందిరానికి తాళం వేస్తే, పెన్ వీధిలోనే నిలబడి మాట్లాడాడు. విలియం మీడ్ అనే ఇంకో క్వేకర్‌తో కలిపి ఆయన మీద కేసు పెట్టారు. జ్యూరీ నేరం అనలేదు. జడ్జీలకు కోపం వచ్చి, అడిగిన తీర్పు ఇచ్చేదాకా తిండి, నీళ్లు, చలిమంట లేకుండా జ్యూరీని గదిలో పెట్టి తాళం వేశారు. జ్యూరీలోని ఎడ్వర్డ్ బుషెల్, మిగతావాళ్లు లొంగలేదు. జరిమానా వేస్తే కట్టలేదు, జైలుకు పోయారు. చివరికి పై కోర్టు వాళ్ల పక్షాన నిలిచి, ఇచ్చిన తీర్పుకు జ్యూరీని శిక్షించకూడదని తేల్చింది. నాకైతే పెన్ కంటే ఆ పేరులేని జ్యూరీ మనుషులే గొప్పగా కనిపిస్తారు.

రాజు అంత భూమి ఒక క్వేకర్‌కి ఎందుకిచ్చాడు?

అప్పు తీర్చడానికి. రెండో చార్లెస్ రాజు అడ్మిరల్ పెన్‌కు సుమారు 16,000 పౌండ్లు బాకీ ఉన్నాడు. అడ్మిరల్ పోయాక ఆ అప్పు కొడుక్కి రావాలి. డబ్బు బదులు అమెరికాలో భూమి ఇవ్వమని పెన్ అడిగాడు. రాజు చేతి నుంచి పైసా కదలకుండా బాకీ తీరిపోయింది. 1681 మార్చి 4న పత్రం చేతికొచ్చింది.

ఇప్పుడు ఆ సగం నిజం సంగతి. పెన్ ముందు "న్యూ వేల్స్" అన్నాడు, ఒప్పుకోలేదు. అడవుల నేల అనే అర్థంలో "సిల్వేనియా" అన్నాడు. దానికి ముందు "పెన్" చేర్చింది రాజు, అదీ అడ్మిరల్ గారి గౌరవార్థం. తన గొప్ప కోసం పెట్టుకున్నాడని లోకం అనుకుంటుందని పెన్‌కు ఒకటే టెన్షన్. పేరు మార్చమని కింది అధికారికి 20 గినీలు ఇస్తానన్నా పని కాలేదని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. కాబట్టి రాష్ట్రం పేరు కొడుకుది కాదు, తండ్రిది.

క్వేకర్లకు అమెరికాలో ఇదే మొదటి చోటా?

కాదు. డెలావేర్ నదికి అవతలి ఒడ్డున, ఇప్పటి న్యూజెర్సీలో, 1675లో సేలం, 1677లో బర్లింగ్టన్ ఊళ్లు క్వేకర్లవే. పెన్‌కు అక్కడి వ్యవహారాలతో సంబంధం ఉండేది. ఇవతలి ఒడ్డున 1638 నుంచే స్వీడన్ వాళ్లు ఉన్నారు, తర్వాత డచ్చివాళ్లు, 1664 నుంచి ఇంగ్లీషు పాలన. వీళ్లందరికంటే ఎంతో ముందు నుంచి ఉన్నది లెనాపే ప్రజలు. వాళ్ల గురించి కింద వివరంగా చెబుతాను.

పెన్ ఎప్పుడు, ఎలా వచ్చాడు?

"వెల్కమ్" అనే ఓడలో. ఇంగ్లండ్‌లోని డీల్ రేవు నుంచి సుమారు వందమందితో బయల్దేరింది. దారిలో మశూచి పట్టుకుంది. దాదాపు 30 మంది చనిపోయారు, వాళ్లను సముద్రంలోనే వదిలేయాల్సి వచ్చింది. 1682 అక్టోబర్ 27న ఓడ న్యూకాసిల్ చేరింది. అప్పటికి పెన్‌కు 38 ఏళ్లు. భార్య, పిల్లలు ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు.

న్యూకాసిల్‌లో జరిగిన తంతు నాకు చాలా ఇష్టం. కోట తాళం చెవి ఇచ్చారు. పెళ్లగించిన గడ్డి మట్టిపెళ్ల, దానిలో గుచ్చిన ఒక పుల్ల ఇచ్చారు. చిన్న గిన్నెలో నది నీళ్లు, కాస్త మన్ను ఇచ్చారు. ఈ నేల, చెట్టు, నీరు నీకు అప్పగించాం అని అర్థం. కాగితం మీద సంతకాలు ఎన్ని ఉన్నా, అక్కడ గుమిగూడిన జనం చూసింది ఆ గిన్నెనే.

మొదట్లో ఎక్కడ ఉన్నారు? ఏం తిన్నారు?

చాలామంది గుహల్లో ఉన్నారు. ఫిలడెల్ఫియా దగ్గర డెలావేర్ నది ఒడ్డు ఎత్తుగా ఉండేది. ఆ గట్టులోకి మూడడుగుల లోతున తవ్వి, పైన కొమ్మలు, గడ్డిపెళ్లలు కప్పి, రాళ్లూ బంకమట్టితో పొగగొట్టం కట్టుకునేవారు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో చలికాలం అక్కడే గడిపిన కుటుంబాలున్నాయి. జాన్ కీ అనే పిల్లవాడు అలాంటి గుహలోనే పుట్టాడు. ఆ ఊళ్లో ఇంగ్లీషువాళ్లకు పుట్టిన మొదటి బిడ్డ అని పెన్ అతనికి ఒక స్థలం రాసిచ్చాడు. ఇళ్లు లేచాక ఖాళీ గుహలు తాగుడు అడ్డాలుగా మారితే, వాటిని పూడ్చమని పెన్ ఇంగ్లండ్ నుంచి హుకుం పంపాల్సి వచ్చింది.

ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్ అనే జర్మన్ పండితుడు 1683లో వచ్చాడు. ఆయన కట్టుకున్న ఇల్లు 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. అద్దాలు దొరక్క కిటికీలకు నూనె పూసిన కాగితం అంటించాడు. తలుపు మీద మాత్రం లాటిన్‌లో ఒక వాక్యం రాసుకున్నాడు: ఇల్లు చిన్నదే కానీ మంచివాళ్లకు నేస్తం, చెడ్డవాళ్లు దూరంగా ఉండండి అని. పెన్ అది చదివి పగలబడి నవ్వి, ఇంకా కట్టు, కడుతూనే ఉండు అని ప్రోత్సహించాడట. ఆ ఏడాదే క్రెఫెల్డ్ ఊరి నుంచి వచ్చిన 13 కుటుంబాలతో పాస్టోరియస్ జర్మన్‌టౌన్ స్థాపించాడు.

తిండికి నదిలో చేపలు, అడవిలో జింకలు, టర్కీ కోళ్లు, గుంపులుగా వాలే పావురాలు. మొక్కజొన్న వండుకోవడం లెనాపేల దగ్గర నేర్చుకున్నారు. వాళ్లు, పాత స్వీడన్ రైతులు ఆదుకోకపోతే ఆ మొదటి చలికాలాలు గడవడం చాలా కష్టమయ్యేది.

ఫిలడెల్ఫియా వీధులు గళ్ల నోటుబుక్కులా ఎందుకుంటాయి?

పెన్ కోరిక అది. కుర్రవాడుగా ఉన్నప్పుడు 1665లో లండన్‌లో ప్లేగు, 1666లో అగ్నిప్రమాదం వచ్చాయి. అందుకే ఇళ్ల చుట్టూ తోటలు ఉండాలని, ఎన్నటికీ కాలిపోని, ఆరోగ్యంగా ఉండే పచ్చని ఊరు కావాలని రాశాడు. సర్వేయర్ థామస్ హోమ్ రెండు నదుల మధ్య రెండు మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పున గీత గీశాడు. మధ్యలో ఒకటి, నాలుగు మూలలా నాలుగు ఖాళీ చౌకాలు వదిలాడు. మనుషుల పేర్లు పెట్టొద్దని పెన్ అన్నాడు. ఒక దిక్కు వీధులకు వాల్‌నట్, చెస్ట్‌నట్, స్ప్రూస్, పైన్ అని చెట్ల పేర్లు, ఇంకో దిక్కు వీధులకు అంకెలు. వారాలకూ నెలలకూ పెట్టిన అంకెల పద్ధతే వీధులకూ వచ్చింది.

చట్టాలు ఎలా ఉండేవి?

1682 డిసెంబర్‌లో చెస్టర్‌లో మొదటి అసెంబ్లీ కూర్చుని "గ్రేట్ లా" చేసింది. ఇంగ్లండ్‌లో లెక్కలేనన్ని నేరాలకు ఉరి ఉన్న రోజులవి. ఇక్కడ హత్యకు, రాజద్రోహానికి తప్ప మరణశిక్ష లేదు. పన్నెండేళ్లు వచ్చేసరికి ధనవంతుల పిల్లలైనా, పేదవాళ్ల పిల్లలైనా ఒక చేతిపని నేర్చుకోవాలి. కోర్టులో ప్రమాణం అక్కర్లేదు, నిజం చెబుతానని మాట ఇస్తే చాలు. మరోవైపు పేకాట, పాచికలు, కోడిపందాలు, నాటకాలు అన్నీ నిషేధం. సంక్రాంతికి భీమవరం వెళ్లే మా బాబాయి ఈ ముక్క విని "అయితే మనకు కుదరదులే" అన్నాడు.

ఒక కేసు చెప్పాలి. 1684 ఫిబ్రవరిలో మార్గరెట్ మాట్సన్ అనే స్వీడిష్ రైతు భార్య మంత్రాలు వేసి ఆవుల పాలు పోగొడుతోందని ఆరోపణ వచ్చింది. పెన్ స్వయంగా విచారణ చేశాడు. మంత్రగత్తె అన్న పేరు ఆమెకు ఉన్నమాట నిజమే కానీ ఆరోపించిన నేరం మాత్రం చెయ్యలేదని జ్యూరీ తేల్చింది. పూచీకత్తు తీసుకుని ఇంటికి పంపేశారు. ఎనిమిదేళ్ల తర్వాత మసాచుసెట్స్‌లోని సేలంలో ఇలాంటి ఆరోపణలకే 19 మందిని ఉరి తీశారు. చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదివిన నాకు ఈ తీర్పు ఊరికే పాత కథ అనిపించదు.

1718లో ఈ మెత్తని చట్టాలు పోయాయి. ప్రమాణం లేకుండా మాట ఇచ్చే హక్కు నిలబెట్టుకోవడానికి బదులుగా, ఇంగ్లండ్ తరహా కఠిన శిక్షలకు అసెంబ్లీ ఒప్పుకుంది.

భూమి లాక్కున్నారా, కొన్నారా?

పెన్ కాలంలో కొన్నారు. రాజు పత్రం ఉన్నా, అసలు హక్కుదారులు లెనాపేలేనని పెన్ నమ్మాడు. తాను రాకముందే 1681 అక్టోబర్‌లో వాళ్లకు ఉత్తరం పంపాడు. మీ ప్రేమతో, మీ ఒప్పుదలతోనే ఇక్కడ ఉండాలనుకుంటున్నాను, ఇరుగుపొరుగులా స్నేహితుల్లా బతుకుదాం అన్నది దాని సారాంశం. వాళ్ల భాష కూడా కొంత నేర్చుకున్నాడు.

1682 జులైలో పెన్ తరఫున ఆయన బంధువు మార్కమ్ చేసిన మొదటి కొనుగోలు జాబితా ఉంది. 350 బారల గవ్వపూసల దండలు, 20 తెల్ల దుప్పట్లు, 20 వంటపాత్రలు, 40 చొక్కాలు, 40 గొడ్డళ్లు, 40 కత్తెరలు, 40 దువ్వెనలు, రెండు గుప్పెళ్ల గాలాలు, రెండు గుప్పెళ్ల సూదులు. ఆ గుప్పెళ్ల దగ్గర నేను ఆగిపోయాను. ఎవరో పెట్టెలో చెయ్యి పెట్టి సూదులు తీసి ఇవ్వడం కళ్లకు కనిపిస్తుంది. అదే జాబితాలో 20 తుపాకులు, రెండు పీపాల మందుగుండు, రమ్ము కూడా ఉన్నాయి. ఆయుధం పట్టనన్నవాళ్లు తుపాకులు ధరగా ఇచ్చారన్నది దాచాల్సిన విషయం కాదు.

షాకమాక్సన్ అనే చోట పెద్ద ఎల్మ్ చెట్టు కింద తమనెండ్ అనే లెనాపే పెద్దతో పెన్ స్నేహ ఒప్పందం చేసుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటారు. రాతపత్రం దొరకలేదు. ఒక పట్టీ మాత్రం ఉంది. తెల్లని గవ్వపూసల మీద ముదురు ఊదా పూసలతో ఇద్దరు మనుషులు, చేతిలో చెయ్యి. ఒకరి తల మీద టోపీ. 1857లో పెన్ మునిమనవడు దాన్ని ఫిలడెల్ఫియాకు తెచ్చి ఇచ్చాడు.

మరి ఆ మాట నిలబడిందా?

పెన్ బతికి ఉన్నంతకాలం దాదాపుగా నిలబడింది. సైన్యం లేకుండా, కోట గోడ లేకుండా ఊళ్లు పెరిగాయి. కొడుకుల చేతిలో పోయింది.

1737లో కొడుకు థామస్ పెన్, ఆ కుటుంబం తరఫున వ్యవహారాలు చూసే జేమ్స్ లోగన్ ఒక పాత కాగితం బయటికి తీశారు. ఒకటిన్నర రోజు నడిచినంత మేర మీ పెద్దలు మా నాన్నకు ఇచ్చారు అన్నారు. లెనాపేల లెక్కలో నడక అంటే దారిలో కూర్చుని, తిని, పొగ తాగి, మళ్లీ సాగే నడక. పెన్ మనుషులు ముందే అడవిలో దారి నరికించి, గట్టి నడకవాళ్లు ముగ్గురిని పెట్టారు. సెప్టెంబర్ 19న తెల్లవారుజామున బయల్దేరారు. ఇద్దరు మధ్యలో పడిపోయారు. ఎడ్వర్డ్ మార్షల్ అనే వేటగాడు మాత్రం మర్నాడు మధ్యాహ్నానికి 60 మైళ్లు దాటాడు. అక్కడి నుంచి నదికి అడ్డంగా గీత గీసి ఇంకొంత కలుపుకున్నారు. మొత్తం సుమారు 1,200 చదరపు మైళ్లు పోయాయి. గజం భూమి కోసం అన్నదమ్ముల మధ్య తగాదాలు చూసిన ఊరివాళ్లం మనం, సరిహద్దు రాయి రాత్రికి రాత్రి జరిగితే కడుపు ఎలా మండుతుందో మనకు తెలుసు.

ఆ మంట 1755లో యుద్ధమై తిరిగి వచ్చింది. సరిహద్దు ఊళ్లు తగలబడ్డాయి. 1756లో గవర్నర్ లెనాపేల మీద యుద్ధం ప్రకటించి, వాళ్ల తల చర్మాలకు వెల కట్టాడు. యుద్ధానికి ఓటు వెయ్యలేక కొందరు క్వేకర్ సభ్యులు అసెంబ్లీకి రాజీనామా చేశారు. క్వేకర్ల పాలన అక్కడితో ముగిసిందనే చెప్పాలి.

క్వేకర్లకు బానిసలు ఉండేవారా?

ఉండేవారు. పెన్ దగ్గరా ఉండేవారు. 1684లో "ఇజబెల్లా" ఓడ 150 మంది ఆఫ్రికన్లను తెచ్చి ఫిలడెల్ఫియాలో దింపితే, జనం ఎగబడి కొన్నారు. అందరిలోనూ దేవుడి వెలుగు ఉందన్న నోటితోనే బేరమాడారు. ఈ కాలనీ మీద నాకెంత ఇష్టమున్నా ఇక్కడ దాన్ని వెనకేసుకురాలేను.

అయితే ఎదురు చెప్పినవాళ్లూ అక్కడే పుట్టారు. 1688 ఏప్రిల్‌లో జర్మన్‌టౌన్‌లో నలుగురు ఒక కాగితం రాసి సంతకాలు పెట్టారు. పాస్టోరియస్ అందులో ఒకరు. మనల్ని ఇలా పట్టుకుపోయి అమ్మితే ఒప్పుకుంటామా అని సూటిగా అడిగారు. ఆ కాగితం క్వేకర్ల నెలవారీ సమావేశం నుంచి మూణ్ణెల్ల సమావేశానికి, అక్కడి నుంచి వార్షిక సమావేశానికి వెళ్లింది. ప్రతిచోటా ఇది మా స్థాయి విషయం కాదన్నారు. ఫైలు టేబుల్ మారడం అప్పుడూ ఉంది.

1738లో బెంజమిన్ లే అనే నాలుగడుగుల గూని మనిషి పుస్తకంలా కనిపించే డొల్లలో ఎర్రని పండ్ల రసం దాచి, సమావేశం మధ్యలో కత్తితో పొడిచి, బానిసలున్న పెద్దమనుషుల మీద రక్తంలా చిమ్మించాడు. ఎత్తి బయట పడేశారు. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం బానిస వ్యాపారం చేసే సభ్యులను క్రమశిక్షణలో పెట్టాలని నిర్ణయించింది. ఆ వార్త విన్నాక మరుసటి ఏడాది లే కన్నుమూశాడు. 1776కి బానిసలను ఉంచుకోవడమే సభ్యులకు నిషేధమైంది. నలుగురి కాగితానికి జవాబు రావడానికి 88 ఏళ్లు పట్టింది.

వేరే మతాలవాళ్లను రానిచ్చారా?

రానిచ్చారు. ఒక దేవుణ్ణి నమ్మి శాంతిగా బతికేవాళ్లను మతం పేరుతో ఎవరూ వేధించకూడదన్నది చట్టం. పదవులు మాత్రం క్రైస్తవులకే. 1733లో కట్టిన సెయింట్ జోసెఫ్ చర్చిలో కాథలిక్కులు బహిరంగంగా ప్రార్థన చేసుకున్నారు. అప్పటి ఇంగ్లీషు రాజ్యంలో అది అరుదు. గవర్నర్ అభ్యంతరం చెప్పినా, పెన్ 1701లో ఇచ్చిన హక్కుల పత్రం వాళ్లను కాపాడింది. ఆ పత్రానికి 50 ఏళ్లు నిండిన సందర్భంలో, 1751లో తెప్పించిన గంటే లిబర్టీ బెల్. పిట్స్‌బర్గ్ దగ్గర మనవాళ్లు తిరుమల నమూనాలో కట్టుకున్న వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరి పేరు పెన్ హిల్స్. దర్శనానికి వెళ్లినప్పుడల్లా ఆ బోర్డు చూసి ఆగుతాను.

పెన్ ఇక్కడే స్థిరపడ్డాడా?

లేదు. రెండు విడతలు కలిపినా నాలుగేళ్లే. 1684లో మేరీల్యాండ్‌తో సరిహద్దు తగాదా కోసం తిరిగి వెళ్లాడు. 1699లో వచ్చి 1701లో మళ్లీ వెళ్లిపోయాడు. నమ్మిన మేనేజర్ ఫిలిప్ ఫోర్డ్ ఇచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టి, 1708లో అప్పులవాళ్ల జైల్లో పడ్డాడు. 1712లో పక్షవాతం. అప్పటి నుంచి కాలనీ వ్యవహారాలు నడిపింది ఆయన రెండో భార్య హానా. 1718లో ఇంగ్లండ్‌లోనే పోయాడు.

ఇప్పుడు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నది ఒడ్డున పెన్ ట్రీటీ పార్క్ ఉంది. ఆ ఎల్మ్ చెట్టు 1810 గాలివానకు కూలిపోయింది, అక్కడ ఒక చిన్న రాతి స్తంభం ఉంది. సిటీ హాల్ కట్టింది హోమ్ గీసిన మధ్య చౌకంలోనే. పైన 37 అడుగుల పెన్ విగ్రహం చూస్తున్నది ఆ పార్కు వైపే. ఆర్చ్ స్ట్రీట్‌లో 1804లో కట్టిన క్వేకర్ మందిరం ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారం ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మా అమ్మను ఒకసారి తీసుకెళ్లాను. రంగు లేని చెక్క బెంచీలు, ఖాళీ గోడలు. గంటలో ఒక్కరే లేచి రెండు మాటలు చెప్పి కూర్చున్నారు. బయటికి వచ్చాక అమ్మ "దేవుడు ఎక్కడున్నాడో చూపించలేదేంట్రా?" అని అడిగింది. కారు దాకా నడుస్తూ ఆ వెలుగు సంగతి మొదటి నుంచి చెప్పాను.